కారు కీ పోయిందా? బిల్లు వేలల్లో ఎందుకొస్తుంది, అసలు నష్టం లక్షల్లోకి ఎప్పుడు వెళ్తుంది?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీ కారు రెండో కీ ఇప్పుడు ఎక్కడుంది?

బీరువాలో ఉందా? ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉందా? కారు కొన్న రోజు షోరూమ్ వాళ్లిచ్చిన కవర్లోనే ఉండిపోయిందా? వెంటనే జవాబు చెప్పగలిగితే, రేపు చేతిలోని కీ పోయినా మీకు తప్పేది కొన్ని వేల రూపాయల ఖర్చు, రెండు మూడు రోజుల తిరుగుడు. ‘ఎక్కడో ఉండే ఉంటుంది’ అనిపిస్తే మాత్రం ఈ కథనం మీ కోసమే.

పెళ్లికి వెళ్లి ఫంక్షన్ హాల్లోనో, సినిమా చూసి మాల్ పార్కింగ్‌లోనో జేబు తడుముకుంటే కీ ఉండదు. షోరూమ్‌కు ఫోన్ చేస్తే ముందు చెప్పేది ధర. అది వినగానే చాలామంది అనే మాట ఒకటే: ‘ఒక్క తాళం చెవికి ఇంతా?’

ఆ ధర వెనక ఏముంది, దాన్ని ఎలా తగ్గించుకోవచ్చు, బీమా కంపెనీ డబ్బిస్తుందా, పోలీసులకు చెప్పాలా, చెప్పకపోతే ఏమవుతుంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క కీకి అంత ధర ఎందుకు?

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో కారు కీ అంటే గాట్లు పెట్టిన లోహపు ముక్క. ఫుట్‌పాత్ మీద కూర్చున్న తాళాలాయన ఆకురాయితో అరగదీసి, పది నిమిషాల్లో నకలు చేసి ఇచ్చేవాడు. ఆ కీతో డోరు తెరుచుకునేది, ఇంజిన్ కూడా స్టార్టయ్యేది.

ఇప్పటి కార్లలో డోరు తెరవడం, ఇంజిన్ స్టార్ట్ చేయడం రెండు వేర్వేరు పనులు. లోహపు భాగం తాళాన్ని తిప్పుతుంది, అంతే. ఇంజిన్‌కు అనుమతి ఇచ్చేది కీ తలలో, ప్లాస్టిక్ లోపల దాగిన చిన్న చిప్. దాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. దానికి సొంత బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే తీగచుట్ట రేడియో తరంగాల ద్వారా దానికి శక్తినిస్తుంది. చిప్ తన కోడ్ పంపుతుంది. కారులోని కంప్యూటర్ ఆ కోడ్‌ను తన దగ్గరున్న జాబితాతో సరిచూసుకుంటుంది. కలిస్తే ఇంజిన్ నడుస్తుంది. కలవకపోతే కీ తిరిగినా ఇంజిన్ అందుకోదు. ఈ ఏర్పాటు పేరే ఇమ్మొబిలైజర్.

బటన్ నొక్కితే స్టార్టయ్యే కార్లలో ఇది ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. మీరు డోర్ హ్యాండిల్ పట్టుకోగానే కారు ఒక సంకేతం పంపుతుంది, మీ జేబులో ఉన్న స్మార్ట్ కీ దానికి జవాబిస్తుంది. అంటే మీ జేబులో ఉన్నది తాళం చెవి రూపంలో ఉన్న చిన్న రేడియో పరికరం.

కాబట్టి కొత్త కీ అంటే లోహం కోయడంతో పని అయిపోదు. ‘ఇదిగో, ఈ కీ కూడా మనదే’ అని కారు కంప్యూటర్‌కు నేర్పించాలి. ఆ పనికి ప్రత్యేక పరికరం కావాలి. చాలా మోడళ్లలో కంపెనీ దగ్గరుండే సెక్యూరిటీ కోడ్ కూడా కావాలి. మీరు ప్రధానంగా డబ్బు కడుతున్నది ఆ అనుమతికే.

మీ కీ ఏ రకం? ఎంత కావచ్చు?

కింద ఇచ్చినవి మార్కెట్లో స్థూలంగా వినిపించే ధరలు. మోడల్‌ను బట్టి, తయారైన ఏడాదిని బట్టి, ఊరిని బట్టి మారతాయి. మీ కారుకు ఎంతో తెలియాలంటే రాతపూర్వక ఎస్టిమేట్ తీసుకోవాల్సిందే.

- సాదా లోహపు కీ: చిప్ లేని పాత కార్లకు. బయట రూ.100 నుంచి రూ.500 లోపు అయిపోతుంది.
- చిప్ ఉన్న కీ, రిమోట్ లేకుండా: బయట నిపుణుల దగ్గర రూ.1,500 నుంచి రూ.3,500 వరకు, షోరూమ్‌లో సుమారు రూ.3,000 నుంచి రూ.6,000 వరకు.
- రిమోట్ బటన్లున్న కీ, మడత కీ: రూ.4,000 నుంచి రూ.10,000 వరకు.
- పుష్ బటన్ కార్ల స్మార్ట్ కీ: రూ.8,000 నుంచి రూ.20,000 వరకు.
- విదేశీ లగ్జరీ కార్ల కీ: రూ.30,000 పైమాటే. కొన్నింటికి లక్ష కూడా దాటుతుంది.

ఇవన్నీ ఒక కీ ఇంకా మీ చేతిలో ఉన్నప్పటి లెక్కలు. రెండూ పోతే లెక్క పూర్తిగా మారిపోతుంది.

ఒక కీ పోవడం వేరు, రెండూ పోవడం వేరు

ఈ కథనంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే.

పనిచేసే కీ ఒకటి చేతిలో ఉంటే పని సులువు. ఆ కీతో కారును మీరే నడుపుకుంటూ షోరూమ్‌కు వెళ్లొచ్చు. దాన్ని చూసి కొత్త కీ కోస్తారు. కారు కంప్యూటర్ పాత కీని గుర్తుపడుతుంది కాబట్టి కొత్తదాన్ని చేర్చడం చాలా మోడళ్లలో కొద్దిసేపటి పని.

రెండూ పోతే మొదటి ఖర్చు టోయింగ్‌తోనే మొదలవుతుంది. కారు కదలదు కాబట్టి లారీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. కీ నంబరు లేకపోతే తాళం విప్పి చూసి గాట్లు తెలుసుకోవాలి. సెక్యూరిటీ కోడ్ కంపెనీ నుంచి తెప్పించుకోవాలి. కొన్ని మోడళ్లలో అది కుదరక ఇగ్నిషన్, డోర్లు, డిక్కీ తాళాల సెట్ మొత్తాన్ని మార్చమంటారు. మరికొన్నింటిలో ఇమ్మొబిలైజర్ యూనిట్‌నో, ఇంజిన్ కంట్రోల్ యూనిట్‌నో కూడా మార్చాల్సి వస్తుంది. మామూలు కుటుంబాలు వాడే చిన్న కారుకైనా బిల్లు ఐదంకెల్లోకి వెళ్లేది ఇక్కడే. విడిభాగాలు రావడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి.

మొదటి కీ పోయినప్పుడు ‘ఇంకోటి ఉందిగా, తర్వాత చూద్దాం’ అనుకోవడం మన అలవాటు. ఆ క్షణం నుంచి మీరు వాడుతున్నది మీ కారుకున్న ఒకే ఒక్క కీ. కొత్తది చవగ్గా చేయించుకునే అవకాశం కూడా ఆ ఒక్క కీ ఉన్నంతకాలమే.

పోయిందని తేలగానే ఏం చేయాలి?

ముందు అత్యవసరం సంగతి. కీ లోపలే ఉండి డోర్లు లాక్ అయిపోయి, లోపల పసిపిల్లలో, వృద్ధులో ఉండిపోతే ఖర్చు గురించి ఆలోచించకండి. ఎండలో నిలిపిన కారులో వేడి నిమిషాల్లో ప్రాణాంతకమవుతుంది. 112కు ఫోన్ చేయండి. సాయం ఆలస్యమయ్యేలా ఉంటే లోపలున్న వారికి దూరంగా ఉన్న పక్క అద్దం పగలగొట్టండి. అద్దం ఖర్చు తర్వాత చూసుకోవచ్చు.

అలాంటి ప్రమాదం లేకపోతే ఈ వరుసలో వెళ్లండి.

1. నిజంగా కీ పోయిందా, దాని బ్యాటరీ అయిపోయిందా అన్నది చూడండి. బటన్లు పనిచేయకపోతే చాలాసార్లు కారణం లోపలున్న గుండీ బ్యాటరీయే. ఎక్కువ కీలలో సీఆర్2032 రకం ఉంటుంది, వంద రూపాయల లోపే దొరుకుతుంది. స్మార్ట్ కీ లోపల చిన్న లోహపు కీ దాగి ఉంటుంది. దానితో డోరు తెరిచి, స్మార్ట్ కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా కార్లు స్టార్టవుతాయి. మీ కారులో ఎలాగో ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది.

2. కారు ఎక్కడ నిలిపారో ఆలోచించండి. కీ కారు పక్కనే పడిపోయి ఉంటే, దొరికినవాళ్లు బటన్ నొక్కగానే మీ కారే లైట్లు వెలిగించి దారి చూపిస్తుంది. రెండో కీ తెప్పించుకుని బండిని అక్కడి నుంచి తీసేయండి. అంతవరకు ఎవరినైనా దగ్గర ఉంచండి.

3. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీలో చూడండి. కీ పోయినా, లోపల ఉండిపోయినా ఇంటి నుంచి రెండో కీ తెప్పించడం, లేదా కారును దగ్గరి సర్వీస్ సెంటర్‌కు చేర్చడం ఈ సేవలో సాధారణంగా ఉంటుంది. చాలామందికి ఇది తమ పాలసీలో ఉందన్న సంగతే తెలియదు. జేబులోంచి డబ్బు తీసి టోయింగ్ వాళ్లకు ఇచ్చేస్తారు.

4. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

5. బీమా కంపెనీకి ఆ రోజే సమాచారం ఇవ్వండి.

చివరి రెండింటినీ ఎక్కువ మంది వదిలేస్తారు. వాటి విలువేంటో చూద్దాం.

తాళం చెవికి పోలీసు ఫిర్యాదెందుకు?

కీ పోయినందుకు కాదు. రేపు కారు పోతే మీ దగ్గర ఒక కాగితం ఉండాలని.

కారు దొంగతనానికి గురైతే క్లెయిమ్ కోసం బీమా కంపెనీ ఎఫ్ఐఆర్, ఆర్సీ, పాలసీతో పాటు కారుకున్న కీలన్నింటినీ తెచ్చివ్వమంటుంది. సాధారణంగా రెండు. ఒక్కటే ఇస్తే ‘రెండోది ఏది?’ అన్న ప్రశ్న వస్తుంది. ‘ఏడాది కిందట పోయింది’ అని మీరు చెప్పొచ్చు. అది నిజమే కావచ్చు. కానీ దానికి రుజువేంటి? కీ కారులోనే వదిలేశారేమో, ఎవరికో ఇచ్చారేమో అన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

మన మోటారు పాలసీల్లో ఒక షరతు ఉంటుంది. వాహనం పోకుండా, పాడవకుండా యజమాని తగిన జాగ్రత్తలన్నీ తీసుకోవాలన్నది దాని సారాంశం. కీ విషయంలో క్లెయిములు తిరస్కరించేటప్పుడు, తగ్గించేటప్పుడు కంపెనీలు చూపించేది ఎక్కువగా ఈ షరతునే. తాళం బండిలోనే వదిలి దిగినప్పుడు దొంగతనం జరిగిన ఒక లారీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023లో తీర్పు ఇస్తూ కోర్టు, క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయడం సరికాదని, 75 శాతం చెల్లించాలని చెప్పింది.

యజమానికి అది ఊరటే. కానీ లెక్క వేసి చూడండి. మీ కారు బీమా విలువ రూ.6 లక్షలు అనుకుందాం. 75 శాతం అంటే రూ.4.5 లక్షలు. పోయింది లక్షన్నర. ఆ నాలుగున్నర లక్షలు కూడా ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక. అంటే కీ పోయిన రోజు స్టేషన్‌కు వెళ్లడానికి బద్ధకించిన ఒక గంట, కొత్త కీ ధరకు ఎన్నో రెట్లు ఖరీదు చేయొచ్చు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్‌లో, పత్రాలు లేవన్న కారణంతో జనరల్ ఇన్సూరెన్స్ క్లెయిములను తిరస్కరించకూడదని చెప్పింది. ఇది మీ పక్షాన ఉన్న నిబంధనే. కానీ కీ అనేది మామూలు పత్రం కాదు. ‘జాగ్రత్త తీసుకోలేదు’ అన్న వాదనకు అది ఆధారమవుతుంది. అందుకే ఆ వాదనకు తావు లేకుండా చేసుకోవడం మేలు.

ఫిర్యాదు ఎలా ఇవ్వాలి? కీ ఎక్కడో జారిపోతే అది నేరం కాదు కాబట్టి ఎఫ్ఐఆర్ కట్టరు. వస్తువు పోయినట్టు రాసిచ్చి, జనరల్ డైరీలో నమోదు చేయించి, ముద్ర వేసిన రసీదు తీసుకోవాలి. బ్యాగు కొట్టేస్తే, అందులో కీ ఉంటే అది దొంగతనం. ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీరు ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా తీసుకోవాలి. అలా పంపితే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి.

ఫిర్యాదులో ఇవి తప్పక ఉండాలి: కారు రిజిస్ట్రేషన్ నంబరు, పోయిన తేదీ, సమయం, స్థలం, పోయింది ఒక కీనా రెండా, మీ దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయి. ఆ రసీదు ఫొటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. బీమా కంపెనీకీ పంపండి.

కొత్త కీకి బీమా డబ్బిస్తుందా?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే ఇవ్వదు. సమగ్ర పాలసీ ఉన్నా, కీ పోవడం దానంతట అదే అందులోకి రాదు. ‘కీ రీప్లేస్‌మెంట్’ లేదా ‘కీ ప్రొటెక్ట్’ అనే పేర్లతో యాడ్ ఆన్ విడిగా తీసుకుని ఉండాలి. ప్రీమియం సాధారణంగా వందల్లోనే ఉంటుంది.

ఇది తీసుకునే ముందు, లేదా ఇప్పటికే ఉంటే క్లెయిమ్ చేసే ముందు, ఈ నాలుగు ప్రశ్నలకు పాలసీ పత్రంలో జవాబు వెతకండి.

- గరిష్ఠంగా ఎంత ఇస్తారు? మీ కారు కీ ధర రూ.15,000 ఉండి, పరిమితి రూ.5,000 అయితే ఆ యాడ్ ఆన్ వల్ల ఒరిగేది తక్కువే.
- తాళాల సెట్ మార్పు కూడా కలిసి ఉందా, కీ మాత్రమేనా?
- ఏడాదిలో ఎన్నిసార్లు క్లెయిమ్ చేయొచ్చు? ఎన్ని రోజుల్లోగా చెప్పాలి? పోలీసు కాగితం కావాలా?
- ఈ క్లెయిమ్ వల్ల నో క్లెయిమ్ బోనస్ పోతుందా?

చివరి ప్రశ్న ముఖ్యం. నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతానికి చేరుతుంది. కొన్ని పాలసీల్లో కీ క్లెయిమ్ ఈ బోనస్‌ను తాకదు, కొన్నింటిలో తాకుతుంది. రూ.4,000 కీ కోసం క్లెయిమ్ చేసి, వచ్చే ఏడాది ప్రీమియంలో అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటే లాభమేముంది?

షోరూమ్‌కు వెళ్లాలా, బయట చేయించుకోవాలా?

రెండింటికీ చోటుంది.

కారు వారంటీలో ఉంటే, స్మార్ట్ కీ అయితే, రెండు కీలూ పోతే, బీమా క్లెయిమ్ చేయాలనుకుంటే షోరూమే నయం. బిల్లు పక్కాగా ఉంటుంది, కోడ్ కంపెనీ నుంచే వస్తుంది. అక్కడికి ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు, పోలీసు రసీదు, మిగిలిన కీ తీసుకెళ్లాలి. కారు కంపెనీ పేరున ఉంటే ఆథరైజేషన్ లెటర్ కూడా అడుగుతారు.

వారంటీ దాటిన కారుకు, ఒక కీ చేతిలో ఉండగా రెండోది చేయించుకోవాలంటే, బయట నమ్మకమైన నిపుణుడి దగ్గర సగం ధరకే పని కావచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ప్రోగ్రామింగ్ పరికరాలతో ఇంటికే వచ్చి చేసేవాళ్లున్నారు. వాళ్లను ఎంచుకునేటప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీరు అడగకముందే ఆర్సీ, గుర్తింపు కార్డు చూపించమన్నారా? అన్నవారినే నమ్మండి. ఏ కాగితమూ అడగకుండా మీకు కీ చేసిచ్చేవాడు, రేపు మీ కారుకు ఇంకెవరికో చేసిచ్చినా అడ్డేముంది? శాశ్వత దుకాణం ఉందా, బిల్లు ఇస్తారా అన్నదీ చూడండి.

ఎక్కడ చేయించినా ఎస్టిమేట్‌లో వీటిని విడివిడిగా రాసివ్వమనండి: కీ ధర, కోత ఛార్జీ, ప్రోగ్రామింగ్ ఛార్జీ, జీఎస్టీ. అన్నీ కలిపి ఒకే అంకె చెబితే బేరానికి, పోల్చి చూసుకోవడానికి వీలుండదు. రెండు షోరూమ్‌లలో అడిగితే కీ ధర దాదాపు ఒకటే ఉండొచ్చు, ప్రోగ్రామింగ్ ఛార్జీలో తేడా బయటపడుతుంది.

ఇంకొకటి కూడా అడగండి: ‘పోయిన కీని సిస్టమ్‌లోంచి తీసేశారా?’ కొత్త కీ చేర్చేటప్పుడే పాత కీ కోడ్‌ను కారు మెమరీ నుంచి తొలగించే వీలు చాలా మోడళ్లలో ఉంటుంది. తొలగిస్తే ఆ కీ ఎవరికి దొరికినా ఇంజిన్ స్టార్ట్ కాదు. లోహపు భాగంతో డోరు మాత్రం తెరుచుకుంటుంది. మీ అడ్రసు ఉన్న కాగితాలతో పాటు కీ పోయినా, ఎవరో కావాలని కాజేశారన్న అనుమానం ఉన్నా తాళాలు కూడా మార్చుకోవడమే మంచిది.

ధర తగ్గకపోవడానికి కారణం ఒక్క సాంకేతికతేనా?

కాదు. కోడ్, పరికరం ఎవరి చేతిలో ఉన్నాయన్నది అసలు సంగతి. ఒక్క షోరూమ్ దగ్గరే ఉంటే, వాళ్లు చెప్పిందే ధర.

ఈ వాదన కొత్తది కాదు. కార్ల విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ 2011లో కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు అందింది. విచారణ తర్వాత 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, పరికరాలు, సాంకేతిక సమాచారం స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలని చెప్పింది. కంపెనీలు ఆ ఉత్తర్వును ట్రిబ్యునల్‌లో, కోర్టుల్లో సవాలు చేశాయి.

తర్వాత కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ‘రైట్ టు రిపేర్’పై కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, ఒక పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే పెద్ద యంత్రాలతో పాటు వాహనాలను కూడా అందులో చేర్చింది. కంపెనీలు మాన్యువళ్లు, వారంటీ, సర్వీస్ వివరాలు అక్కడ పెట్టాలన్నది ఉద్దేశం. అయితే పోర్టల్‌లో మాన్యువల్ ఉన్నంత మాత్రాన మీ వీధి చివరి మెకానిక్ చేతికి కీ కోడ్ రాదు.

కంపెనీల వాదనలోనూ పస ఉంది. కోడ్‌లు అందరికీ ఇస్తే దొంగల పని సులువవుతుంది. కానీ దీనికి దారి లేకపోలేదు. అమెరికాలో ఎన్‌ఏఎస్‌టీఎఫ్ అనే వేదిక తాళాల నిపుణులకు రిజిస్ట్రీ నడుపుతోంది. నేపథ్యం తనిఖీ చేసి నమోదు చేసుకున్నవారికే కంపెనీల నుంచి కీ కోడ్‌లు అందుతాయి. కారు యజమాని వివరాలు పరిశీలించాకే కోడ్ తీసుకోవాలి, ఎవరు ఏ కారుకు తీసుకున్నారో రికార్డు ఉంటుంది. దొంగలకు అడ్డు ఉంటుంది, కారు యజమానికి షోరూమ్ కాకుండా ఇంకో గుమ్మం ఉంటుంది. మన దగ్గర నైపుణ్యం ఉన్న తాళాల మెకానిక్‌లకు కొదవ లేదు. వాళ్లను నమోదు చేసి, బాధ్యత అప్పగించే ఏర్పాటు లేకపోవడమే లోటు. అది లేనందువల్ల నిజాయతీగా పనిచేసేవాడికీ, కాగితం అడగకుండా చేసేవాడికీ తేడా తెలుసుకునే భారం మీ మీదే పడుతోంది.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

టైర్లు, ఇంజిన్, మీటరు చూసినంత శ్రద్ధగా కీలూ లెక్కపెట్టండి. రెండు కీలూ ఇవ్వమనండి. రెండింటితోనూ డోరు తెరిచి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ఒక్కటే ఉందంటే, కొత్త కీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. రెండోది పోయిందని అమ్మినవాళ్లతో రాయించుకుని సంతకం తీసుకోండి. అమ్మినవాళ్ల దగ్గరో, మధ్యవర్తి దగ్గరో ఇంకో కీ ఉండిపోయిందేమో అన్న భయం లేకుండా, కొత్త కీ చేయించేటప్పుడు పాతవాటిని మెమరీ నుంచి తీసేయించండి.

ఆర్సీ కూడా వెంటనే మీ పేరు మీదికి మార్పించుకోండి. చట్టం ప్రకారం కొన్నవారు 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. పాత యజమాని పేరే ఉంటే, రేపు కీ పోయినప్పుడు షోరూమ్ వాళ్లు ఆ యజమానినే రమ్మంటారు. ఆయన ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సింది మీరు.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

చెప్పిన ధర ఒకటి, బిల్లు ఇంకొకటి అయితే, లేదా అవసరం లేకుండా తాళాల సెట్ మొత్తం మార్పించారని అనిపిస్తే ముందు షోరూమ్‌కు, కార్ల కంపెనీకి మెయిల్ పంపండి. ఫోన్‌లో మాట్లాడితే రుజువుండదు. పరిష్కారం కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు.

బీమా కంపెనీతో గొడవైతే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌నూ ఆశ్రయించొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాంలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి.

ఈ రాత్రికే చేయాల్సిన మూడు పనులు

ఒకటి: రెండో కీ బయటకు తీయండి. దానితో కారు స్టార్టవుతుందో లేదో చూడండి. ఏళ్లుగా వాడని రిమోట్‌లో బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, మార్చండి. తర్వాత మొదటి కీ ఉండే గుత్తిలో కాకుండా వేరే చోట, ఇంట్లో ఇంకొకరికి తెలిసేలా దాచండి.

రెండు: కారు కొన్నప్పుడు కీలతో పాటు నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్లో, ట్యాగో ఇచ్చి ఉంటారు. అది కీ కోడ్. దాన్ని రాసి భద్రంగా పెట్టుకోండి. కారులో మాత్రం ఉంచకండి. కీ గుత్తికి ఇంటి అడ్రసు, కారు నంబరు తగిలించకండి.

మూడు: పాలసీ పత్రం తెరిచి కీ యాడ్ ఆన్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉన్నాయో లేదో చూడండి. ఆ ఫోన్ నంబరు మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఒకవేళ రెండో కీ కనిపించకపోతే అది ఇవాళ పోయిందా, మూడేళ్ల కిందట పోయిందా అని మథనపడకండి. లేదని మీకు తెలిసింది ఇవాళ. రేపు ఉదయమే స్టేషన్‌లో అదే రాసిచ్చి రసీదు తీసుకోండి, బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి. చేతిలో ఒక కీ ఉంది కాబట్టి, కొత్తది ఇంకా తక్కువ ధరలోనే అవుతుంది.